మా న్యాయ సలహాదారు

ఫ్లయర్‌లో తన ఫోటో ఉందన్న సంగతి నిఖిలకు వేర్‌హౌస్‌లో, టీ విరామంలో తెలిసింది. మైక్రోవేవ్ దగ్గర వరుసలో నిలబడి, ఓ చేత్తో పులిహోర డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీసింది. కెనడాలో తనుండే వాన్ ఊరి తెలుగు సంఘం 'వాన్ తెలుగు వేదిక' వాట్సాప్ గ్రూపులో ఉగాది సంబరాల ఫ్లయర్ పెట్టారు. మామిడాకులు, కోకిల, వేపపూత, మధ్యలో కార్యవర్గం ఫోటోలు అప్పడాల్లా గుండ్రంగా కత్తిరించి అతికించారు. కింద ఎడమ మూలన తను ఉంది. ఎవరిదో పుట్టినరోజునాడు తీసిన ఫోటో. పక్కనున్నావిడ భుజం సగం ఇంకా అంటుకునే ఉంది.

ఫోటో కింద ఇలా వేశారు: 'మా న్యాయ సలహాదారు, కెనడా గేమింగ్ లా నిపుణురాలు, ప్రముఖ లాయర్ కుమారి నిఖిల.'

ఆ పక్కనే పసుపుపచ్చ నక్షత్రంలో ఇంకో మాట: 'బంపర్ లక్కీ డ్రా! మొదటి బహుమతి బంగారు నాణెం. టికెట్ కొనండి, అదృష్టం పరీక్షించుకోండి!'

ఇంకెవరైనా అయితే మురిసిపోయి ఇంటికి పంపుకునేవారు. నిఖిల మాత్రం పులిహోర డబ్బాతో వరసలోంచి పక్కకు జరిగింది. ఆ ఒక్క కాగితంలో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆమె లాయర్ కాదు. రెండోది, ఆ డ్రా చట్టప్రకారం జరపకూడదు. ఈ రెండూ పక్కపక్కన, ఆమె మొహం సాక్షిగా అచ్చయ్యాయి. సోమవారం ఆమెకు ఇంటర్వ్యూ ఉంది. అదీ గేమింగ్ చట్టం, అంటే జూదాలు, లాటరీల చట్టం చూసే ఆఫీసులోనే.

ఆ ఇంటర్వ్యూ దాకా రావడానికి ఆమె పడ్డ పాట్లు చెప్పుకుంటే చేటభారతం అవుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగిన పిల్ల. వాళ్ళ ఇంటిల్లిపాదిలో పదో తరగతి దాటిన మొదటి మనిషి. వరంగల్‌లో లా చదివి, కొన్నాళ్ళు ఊళ్ళో కోర్టులో సీనియర్ వెనక ఫైళ్ళు మోసి, తర్వాత కెనడా వచ్చింది. బయటి దేశంలో చదివినవాళ్ళు ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాయాలి. రాసింది. ఆ తర్వాత లైసెన్సు పరీక్షలు రాయాలి. అవీ రాసింది. ఇక మిగిలింది ఆర్టిక్లింగ్, అంటే లైసెన్సున్న లాయర్ దగ్గర కొన్ని నెలల శిష్యరికం. అది పూర్తయితేనే లైసెన్సు చేతికొస్తుంది. అది వచ్చేదాకా తనను తాను లాయర్నని చెప్పుకోవడమే నేరం.

ఆ శిష్యరికం ఇచ్చే నాథుడే దొరకలేదు. ఎక్కడికి వెళ్ళినా "కెనడాలో అనుభవం ఉందా?" అనే అడిగారు. ఎవరూ పనివ్వకుండా అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు.

అలాంటప్పుడు ఆమె కూర్చుని ఆలోచించింది. ఆస్తుల చట్టం, కంపెనీల చట్టం ఇక్కడివాళ్ళకు తాతలనాటి విద్య. లాయర్ల ఇళ్ళల్లో పుట్టిన పిల్లలతో అక్కడ పోటీపడి తను గెలవలేదు. ఆన్‌లైన్ జూదం సంగతి వేరు. తనుండే ఆంటారియో రాష్ట్రంలో దానికి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. ప్రతి కంపెనీకీ అనుమతి కావాలి, ప్రకటనలో ఏ మాట ఉండొచ్చో ఏది కూడదో చెప్పే మనిషి కావాలి, చిన్నపిల్లలు ఆడకుండా చూసే ఏర్పాటు కావాలి, ఆటకు బానిసైనవాణ్ణి ఆపే నియమం కావాలి. ప్రభుత్వానికీ మనుషులు కావాలి, కేసినోలకూ కావాలి. ఇక్కడ ఎవరి తాతా ముందు పుట్టలేదు. అందరూ ఒకే మెట్టు మీదున్న చోటు ఇదొక్కటే అనిపించింది.

ఇంటికి ఫోన్ చేసి చెబితే వాళ్ళమ్మ చంద్రకళ నెత్తి కొట్టుకుంది.

"జూదపోళ్ళ దిక్కు నిలవడుతవా బిడ్డా? మన వాడకట్టుల పేకాట మీద పోలీసులు పడ్డప్పుడు గోడలు దుంకి ఉరికెటోళ్ళు, గాళ్ళ లాయరువా?"

"ఆడెటోళ్ళ దిక్కు కాదమ్మా. ఆడిపిచ్చెటోళ్ళు పద్ధతిగ ఉన్నరా లేరా సూసుడు."

"ఏదైతేంది. ఎవలన్న అడిగితే భూముల కేసులు సూస్తదని చెప్త."

అయినా ఆమె వదల్లేదు. దొరికిన నియమాలన్నీ చదివింది. చివరికి డౌన్‌టౌన్‌లో చిన్న ఆఫీసు నడిపే మార్గరెట్ డోయల్ అనే లాయరమ్మ మొదటి ఇంటర్వ్యూకి పిలిచింది. అది బాగా జరిగింది. లేస్తూ లేస్తూ ఆవిడ ఒక మాట అంది. "ఈ రంగంలో తెలివి కంటే ముందు మనిషిని చూస్తారు. మన దగ్గరికొచ్చే కంపెనీల యజమానుల గతమంతా తవ్వుతారు. మనం వాళ్ళకంటే శుభ్రంగా ఉండాలి." రెండో ఇంటర్వ్యూ సోమవారం. ఈ ఫ్లయరేమో గురువారం మధ్యాహ్నం ఊరంతా తిరుగుతోంది. వేదిక ఫేస్‌బుక్ పేజీలోనూ పెట్టారు. నిఖిల పేరు కొట్టి వెతికితే మొదట అదే వస్తోంది.

గ్రూపులో అప్పటికే అభినందనలు వరదలా వచ్చిపడ్డాయి. "మన ఆడపిల్ల, గర్వకారణం" అని ఒకరు. "మావాడు రోజంతా గేమింగే, కాస్త మందలించమ్మా" అని ఇంకొకరు.

సాయంత్రం ఇంటికి రాగానే, బూట్లకంటిన మంచు దులపకుండానే నిఖిల పై అంతస్తుకెళ్ళింది. ఆమె బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఇల్లు కోదండరామ్ గారిది. గుంటూరు మనిషి, అమెరికాలో కొన్నేళ్ళుండి ఇక్కడికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వేదికకు అధ్యక్షుడు. ఆయన భార్య సీతాదేవి కూర తాలింపు పెడుతోంది. కూతురు అనన్య డైనింగ్ టేబుల్ మీద హోంవర్క్ చేసుకుంటోంది.

"అంకుల్, ఫ్లయర్‌లో నా పేరు తీసెయ్యాలె. ఇప్పుడే."

"ఏమ్మా, ఫోటో బాలేదా? సీతా, నే చెప్పలా, చీరలో ఉన్నది వేద్దామని."

"ఫోటో కాదంకుల్. నేను లాయర్ని కాను."

ఆయన పెద్దగా నవ్వాడు. "అబ్బే, ఇంత వినయం పనికిరాదమ్మా ఈ దేశంలో. పరీక్షలన్నీ పాసయ్యావా లేదా?"

"అయిన. కానీ లైసెన్స్ రాలేదు. రాకముందు లాయర్నని చెప్పుకుంటే తప్పు. నాకు అసలు లైసెన్సే ఇయ్యకపోవచ్చు."

"నువ్వెక్కడ చెప్పుకున్నావు? మేం చెప్పాం. మా పిల్లని మేం మెచ్చుకుంటే వాళ్ళకేంటట?"

"డ్రా సంగతి ఇంకోటి ఉంది. డబ్బులు తీసుకుని చీటీ తీసి బహుమతి ఇస్తే అది లాటరీ అంకుల్. లైసెన్స్ లేకుండా చెయ్యకూడదు."

"దానికీ ఉపాయం ఉందిగా. గెలిచినవాణ్ణి ఒక లెక్క అడుగుతాం. కాఫీ షాపు పోటీల్లో అడుగుతారే, పన్నెండు ఇంటూ మూడు మైనస్ నాలుగు, ఆ మోస్తరుది. స్కిల్ టెస్టింగ్ క్వశ్చన్. అంతటితో అది జూదం కాదు, ప్రతిభ!"

"అక్కడ ఏమీ కొనకుండా కూడా ఆడొచ్చని రాసుంటది అంకుల్. మీరు టికెట్ అమ్ముతున్నరు. లెక్క అడిగితే సరిపోదు."

అనన్య తలెత్తకుండానే అంది. "డాడ్, జస్ట్ టేక్ ఇట్ డౌన్."

"సరేనమ్మా, సరే. మారుస్తాంలే" అన్నాడాయన. ఆ "సరే"లో ఒప్పుకోలు కంటే బుజ్జగింపే ఎక్కువ వినిపించింది.

మాట ప్రకారం శుక్రవారం పొద్దున్నే కొత్త ఫ్లయర్ వచ్చింది. 'ప్రముఖ' తీసేశారు. 'లాయర్' కూడా తీసేశారు. దాని స్థానంలో 'న్యాయవాది' అని వేశారు. నక్షత్రం అలాగే ఉంది, ఇంకాస్త పెద్దదయింది. నిఖిల ఫోన్ చేస్తే కోదండరామ్ గారు గొప్ప సహాయం చేసినవాడి గొంతుతో చెప్పాడు.

"ఇంగ్లిష్ ముక్క లేకుండా చేశానమ్మా. తెలుగులో వేస్తే వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదినవాడి బుగ్గలు కనిపిస్తాయి, ఇక్కడ అదీ లేదు. వేదిక కోశాధికారి అమరేశ్వరరావు గారికి ఫోన్ చేసింది. బంగారు నాణెం ఇస్తున్నది ఆయనే. ఆయన శాంతంగా విని, శాంతంగానే కొట్టిపారేశాడు.

"ఎవరు పట్టుకుంటారమ్మా? మనం మనం ఆడుకునే ఆట."

"పట్టుకునేవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడే కొలువే అంకుల్ నేను వెతుక్కునేది."

"అయితే నీకు ప్రాక్టీసవుతుందిలే" అని నవ్వి పెట్టేశాడు.

కార్యక్రమానికి వెళ్ళకుండా ఉండిపోదామా అనుకుంది. ఇంట్లో కూర్చుంటే ఫోటో ఫ్లయర్ మీదినుంచి దిగి రాదు కదా. పోనీ వెళ్ళి డ్రా ఆగేలా చూస్తే కనీసం ఒక తప్పన్నా తప్పుతుంది. శనివారం కోదండరామ్ గారి కారులోనే, వెనక సీట్లో అనన్య పక్కన కూర్చుని హైస్కూల్ ఆడిటోరియానికి వెళ్ళింది. దారిలో మరోసారి అడిగింది. "చూసుకుంటాంలేమ్మా" అన్నాడు కోదండరామ్ గారు.

తలుపు దగ్గరే టికెట్ల బల్ల. చుట్టూ జనం. బెల్లం, వేపపువ్వు వాసన, పిల్లల కేకలు. ఒకావిడ టికెట్లు వేళ్ళ మధ్య విసనకర్రలా పరిచి, మిగతావాళ్ళకు చూపిస్తోంది. నిఖిల బల్ల దగ్గర ఆగి "ఇది ఆపండి" అంటే, అక్కడ కూర్చున్న ప్రణీత్ అనే కుర్రాడు భయపడి "ప్రెసిడెంట్ గారు చెప్పారక్కా" అన్నాడు. వాణ్ణి అని ఏం లాభం? కోదండరామ్ గారేమో స్టేజి వెనక పంచాంగం చదివే ఆయనకు మైకు తగిలిస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆ ఊపు 'తర్వాత' అన్నట్టుంది.

ఆ 'తర్వాత' పంచాంగం అయ్యాక, పిల్లల నృత్యాలయ్యాక వచ్చింది. అప్పటిదాకా ఆమె ముందు వరసలో నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చుంది. వ్యాఖ్యాత పద్మిని గారు మైకు అందుకుంది.

"ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న బంపర్ డ్రా! అంతా పారదర్శకంగా జరగాలని, మన న్యాయ సలహాదారు, కెనడా లాయర్ నిఖిల గారి చేతుల మీదుగానే చీటీ తీయిస్తున్నాం. చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. ఎవరో చేయిపట్టి లేపారు. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందని అప్పుడర్థమైంది నిఖిలకు. స్టేజి మీద రంగుకాగితం చుట్టిన పెద్ద డబ్బా ఉంది. నిండా చీటీలు. ఎదురుగా పదుల కొద్దీ ఫోన్లు వీడియో తీస్తున్నాయి. చెయ్యి పెడితే ఆ వీడియో ఈ రాత్రికే ఊరంతా తిరుగుతుంది. పెట్టకపోతే తను ఉంటున్న ఇంటాయన పరువు అందరి ముందూ పోతుంది. చెయ్యి చాచి, మైకు తీసుకుంది.

"అందరికీ నమస్కారం. నేను లాయర్ని కాను."

హాలు నవ్వింది. జోకనుకున్నారు.

"నిజంగనే కాను. పరీక్షలు రాసిన, లైసెన్స్ ఇంకా రాలేదు. నన్ను ఎవరూ సలహాదారు అని పెట్టుకోలేదు, నేను ఒప్పుకోలేదు. ఇంకోటి. డబ్బులు తీసుకుని ఈ డ్రా చెయ్యడానికి లైసెన్స్ కావాలె. మన దగ్గర లేదు. దయచేసి అందరి డబ్బులు అందరికీ ఇచ్చేయండి. కావాలంటే ఊరికెనే, అందరి పేర్లూ వేసి తీద్దాం."

నవ్వు ఆగిపోయింది. నాలుగు వైపులనుంచీ మాటలు లేచాయి.

"మరి ఫ్లయర్‌లో లాయర్ అని వేశారే?"

"ఊరికే అయితే టికెట్ కొననివాళ్ళక్కూడా బంగారం వస్తుందా? నేను పది కొన్నాను!"

"పది కొన్నావా? ఇంట్లో రెండన్నావు?" అని పక్కనుంచి ఒక భార్య.

"ముందు భోజనాలు పెట్టండి బాబూ, తీర్పు తర్వాత చెప్పుకుందురు!"

కోదండరామ్ గారు స్టేజెక్కాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆమె చేతిలోంచి మైకు తీసుకుని "డ్రా రద్దు. టికెట్ డబ్బులు బల్ల దగ్గర తీసుకోండి" అన్నాడు. ఆమె వైపు చూడలేదు. అమరేశ్వరరావు గారు నాణెం డబ్బాను జేబులో వేసుకుంటూ, అందరికీ వినబడేలా "పోన్లే, మా ఆవిడ అదృష్టవంతురాలు" అన్నాడు. భోజనాల దగ్గర నిఖిల పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో మంచువాన పడుతోంది. ఇల్లు దగ్గరపడ్డాక సీతాదేవి అంది.

"నలుగురిలో అలా నిలబెట్టే బదులు ఇంట్లో ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదమ్మా."

నిఖిల ముందు సీటు వైపు వంగింది. "గురువారం చెప్పిన ఆంటీ. శుక్రవారం చెప్పిన. ఇందాక ఇదే కారులో చెప్పిన."

"షి డిడ్, మామ్" అంది అనన్య. "ఐ వాజ్ రైట్ హియర్."

కోదండరామ్ గారు కారు ఇంటి ముందు ఆపాడు.

సోమవారం నిఖిల సబ్‌వే రైలెక్కి డౌన్‌టౌన్ వెళ్ళింది. మార్గరెట్ ఇంకా ఏమీ అడగకముందే ఫ్లయర్ తీసి బల్ల మీద పెట్టింది. మొదటిదీ, మార్చినదీ, రెండూ. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది.

మార్గరెట్ కళ్ళజోడు పెట్టుకుని ఆ మామిడాకుల వంక, కోకిల వంక చాలాసేపు చూసింది. "ఇక్కడేం రాశారు?"

"ప్రముఖ లాయర్ అని."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నన్ను ఒక్కరూ ప్రముఖ అనలేదు" అని నవ్విందావిడ. నవ్వు ఆగాక కాగితాలు వెనక్కి జరిపింది. "నిన్ను తీసుకోవాలనే ఉంది నాకు. నిజానికి నువ్వు వచ్చేముందే అనుకున్నాను. కానీ ఇప్పుడు ఈ సంగతి లైసెన్సు ఇచ్చేవాళ్ళకు రాసి పంపాలి. నువ్వే రాయాలి. వాళ్ళ జవాబు వచ్చేదాకా నేను నీ కాగితాల మీద సంతకం పెట్టలేను."

"నేను తప్పు చెయ్యలేదు కదా. ఆపిన కదా."

"అందుకే జవాబు నీ వైపే వస్తుందంటున్నాను. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు."

"చెప్పకుండా ఊరుకునుంటే?"

మార్గరెట్ కళ్ళజోడు తీసింది. "ఈ రోజే సంతకం పెట్టేదాన్ని. తర్వాత ఎవరైనా ఆ పేజీ చూసిన రోజున నీ పని అయిపోయేది, నాదీ అయిపోయేది. నువ్వు ఎంచుకున్న పని ఇలాంటిది నిఖిలా. ఇక్కడ ఉద్యోగాలకు కొరత లేదు. అడుగు పెట్టే దారే ఇరుకు."

తిరిగొస్తూ రైల్లో, ఒక గోడ నిండా ఆన్‌లైన్ కేసినో ప్రకటన కనిపించింది. కింద చీమల్లాంటి అక్షరాల్లో హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరికలో ఏముండాలో, ఎందుకుండాలో ఆమెకు నోటికొచ్చు. పక్కన కూర్చున్నతను దానివైపు చూడనైనా చూడలేదు. నోటికొచ్చిన చదువంతా నోట్లోనే ఉండిపోయిందని ఆమెకు ఒళ్ళు మండింది. మర్నాడు మళ్ళీ వేర్‌హౌస్‌కి వెళ్ళింది.

మంచు కరిగింది. చెట్లు చిగిర్చాయి. జవాబు రాలేదు. పై అంతస్తునుంచి కూరలు రావడం మొదట ఆగిపోయి, మే నెలలో సీతాదేవి చేతి గోంగూర పచ్చడితో మళ్ళీ మొదలయింది. ఆ వెనకే ఒకరోజు కోదండరామ్ గారు మెట్లు దిగి వచ్చాడు. చాలాసేపు గది నాలుగు మూలలూ చూసి, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ చప్పుడు గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికొచ్చాడు.

"నువ్వన్నదే నిజమటమ్మా. మా ఆఫీసులో ఒకతన్ని అడిగాను. సరే, ఈసారి పిక్నిక్‌కి పద్ధతిగానే లైసెన్స్ తీసుకుని డ్రా చేద్దాం. మన వేదికకి ఇస్తారో ఇవ్వరో చూసి, ఆ అప్లికేషన్ కాస్త నువ్వే రాసిపెట్టు."

"నేను రాయకూడదు అంకుల్. అది లాయర్ చెయ్యాల్సిన పని. సిటీ ఆఫీస్‌లో కౌంటర్ ఉంటది, వాళ్ళనడగండి. లేకుంటే ఎవరన్నా లాయర్ని పెట్టుకోండి."

ఆయన నోరు తెరిచి ఆమె వంక చూశాడు. "ఇంట్లో నిన్ను పెట్టుకుని బయట లాయర్నేంటమ్మా? నువ్వే కదా లాయర్వి!"

నిఖిల తల గోడకానించి కళ్ళు మూసుకుంది. కోదండరామ్ గారు జేబులోంచి ఫోను తీసి, "సరేలే, కౌంటర్ ఎక్కడో చెప్పు" అన్నాడు మెల్లగా.

జులైలో పిక్నిక్ ఫ్లయర్ వచ్చింది. టీ విరామంలో, అదే మైక్రోవేవ్ దగ్గర తెరిచి చూసింది. నక్షత్రం లేదు, డ్రా లేదు. ఎడమ మూలన ఆమె ఫోటో మాత్రం ఉంది. ఈసారి చీరలో. కింద 'భోజనాల విభాగం: కుమారి నిఖిల' అని వేశారు. ఒకటికి రెండుసార్లు చదివింది. ఒక్క అబద్ధం కూడా దొరకలేదు. ఒప్పుకున్నావా అని మాత్రం ఈసారీ ఎవరూ అడగలేదు.

దాని కింద అమరేశ్వరరావు గారు రాశాడు: "అమ్మా, అన్నం వడ్డించడానికి నీకు లైసెన్సుందా?" ఆ వెనకే నవ్వే బొమ్మలు వరసకట్టాయి.

నిఖిల మెయిల్ తెరిచింది. మార్గరెట్ దగ్గర్నుంచి ఒక్క వాక్యం ఉంది: 'నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.' లైసెన్సు వాళ్ళనుంచి ఏమీ లేదు. మళ్ళీ గ్రూపులోకి వచ్చింది. పార్కులో అంతమందికి వండి పెడితే ఆరోగ్యశాఖకు ముందుగా చెప్పాలేమో ఎవరైనా కనుక్కున్నారా? కనుక్కుని ఉండరు. ఊరుకుందామనుకుంది. ఊరుకోలేకపోయింది.

'వడ్డించడానికి కాదంకుల్, వండడానికి కావాలేమో' అని కొట్టి పంపింది. 'ఇది సలహా కాదు. ఆరోగ్యశాఖ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.'